నక్షత్రం కడిగిన నీళ్లు

ఉద్యోగం అంటే ఫ్యాను కింద కుర్చీలో కూర్చోవడం అనుకునే పిల్లలు నా ఉద్యోగం గురించి వింటే నవ్వుతారు. నవ్వుకోండి, నవ్వుకు కరెంటు బిల్లు రాదు. పగటిపూట ఒక గుట్ట మీద చప్పుడు లేకుండా చూడడం నా పని. దానికి నాకు నెల జీతం ఇచ్చేవారు. వంట చేయడం, గదులు ఊడ్వడం కూడా ఉన్నా, అవి అందరు ఆడవాళ్లూ చేసేవే కాబట్టి వాటిని నేను లెక్కలోకి తీసుకోను.

ఆ గుట్ట శింగనమల దాటి లోపలికి పోతే వస్తుంది. మొత్తం రాళ్లే. డెబ్బైల చివర్లో చదువుకున్నవాళ్లు కొందరు వచ్చి దాని మీద గుండ్రంగా రేకుల గది కట్టి, అందులో దూరదర్శిని పెట్టారు. దేశంలో ఇంత చోటు ఉండగా ఇక్కడికే ఎందుకు వచ్చారంటే, మా దగ్గర మబ్బు పట్టదు. మేము దేనికి ఏడుస్తున్నామో దానికే వాళ్లు సంతోషించి వచ్చారు. ఏడాదికోసారి మబ్బు కనిపిస్తే ఊళ్లో జనం చేతులు జోడించేవాళ్లు, గుట్ట మీద సారు నెత్తి కొట్టుకునేవాడు. నేను ఊరి మనిషిని, గుట్ట జీతగత్తెను. అందుకని మబ్బు వస్తే పని చూసుకుంటూ నోరు మూసుకునేదాన్ని.

వాళ్లు రాత్రంతా చుక్కలను చూసి పొద్దున పడుకునేవాళ్లు. రాత్రి ఏం చేసేవాళ్లో నాకు తెలియదు. రాత్రి నేను నిద్రపోయే మనిషిని. పగలు మాత్రం గుట్ట నాదే. మేకల మెడలో గంటలుంటే గంటలకు గుడ్డ కట్టించేదాన్ని. ఐసు అమ్మేవాడు బూర ఊదితే కర్ర చూపించేదాన్ని. మధ్యాహ్నం కూసే అలవాటున్న కోడి ఒకటి వచ్చి చేరితే రెండు సార్లు హెచ్చరించి మూడోసారి కూర చేశాను. తప్పు కోడిదే.

గుట్ట మీద ముఖ్యంగా ఇద్దరుండేవాళ్లు. ఒకాయన సారు. కోస్తా మనిషి, మెత్తటి మాట, కాఫీలో చక్కెర ఎక్కువ కావాలనేవాడు. నేను ఇచ్చేదాన్ని కాదు. రెండో మనిషి పరిశోధన చేసే పిల్ల. ధర్మవరంలో మగ్గం ఇంటి పిల్ల. రేయింబవళ్లు ఒకే చుక్క గోల.

ఆ చుక్క సంగతి నాకు అర్థమయ్యేలా చెప్పమని ఒకరోజు అడిగాను. ఏ పనికి నేను పొయ్యి ఊదుతున్నానో తెలియకపోతే నాకు తోచదు. అప్పుడు నేను పాలు కాస్తున్నాను.

"అక్కా, ఈ చుక్క అన్ని చుక్కల మాదిరి కాదు," అంది. "దాని వెలుతురును అద్దంలో విడగొట్టి చూస్తే గీతలు పడతాయి. ఏ గీత ఏ పదార్థానిదో మాకు తెలుసు. మామూలు చుక్కలో ఇనుము గీతలు ఇంత, కాల్షియం గీతలు ఇంత అని ఒక లెక్క ఉంటాది. దీంట్లో స్ట్రాన్షియం, క్రోమియం, యూరోపియం అని బరువైన సరుకు వందల రెట్లు కనపడతాది."

"యాడిది అంత సరుకు?"

"అదే గదా కొట్లాట. చుక్క తన కడుపులోనే వండుకునిందని సారు అంటాడు. నేను కాదంటా. ఈ పాలు చూడు. మీగడ పైకి తేలింది గదా. పాత్రంతా మీగడే అంటావా?"

"ఎవరైనా అంటే వాళ్లకు పాలు పొయ్యను."

"అంతే. చుక్క లోపలినుంచి వెలుతురు పైకి తంతాది. ఆ తన్నుకు కొన్ని బరువు పదార్థాలు పైకి తేలి మీగడ మాదిరి కూడుకుంటాయి. లోపల అది మామూలు చుక్కే."

నాకు నచ్చింది. ఆ రోజు నుంచి నేను ఆ పిల్ల పక్షం. సారు మాత్రం ఒప్పుకోలేదు. ఒప్పుకోవాలంటే పలకలు కావాలన్నాడు.

పలకలంటే గాజువి. వేలెడు పొడవు గాజుముక్కకు ఒక పక్క సరేసు జిగురు లాంటి పూత. ఆ పూతలో వెండి ఉప్పు. రాత్రంతా చుక్క వెలుతురు దాని మీద పడితే, తెల్లవారి చీకటి గదిలో మందుల్లో ముంచితే గీతలు తేలతాయి. ఆ చుక్క తన చుట్టూ తాను తిరుగుతుంది. తిరిగేకొద్దీ మీగడ ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ అయి గీతలు మారతాయి. కాబట్టి ఒక పూర్తి చుట్టుకు వరసగా పలకలు ఉండాలి. మధ్యలో ఒకటి చెడితే పడుగులో పోగు తెగినట్టేనని పిల్ల చెప్పేది. పైగా వేసవి ముదిరితే ఆ చుక్క సూర్యుడి పక్కకు పోతుంది, మళ్లీ చలికాలం దాకా సరిగ్గా దొరకదు. పిల్లకు వచ్చే పరిశోధన భత్యం ఆ వేసవితోనే ఆఖరు. ఈసారి చుట్టు పూర్తయితే పట్టా, లేకపోతే మగ్గం ముందు కూర్చోవాలి.

ఇంతవరకూ చదువు సంగతి. ఇక నా సంగతి, అంటే నీళ్ల సంగతి.

పలకను ఆఖరు మందులోనుంచి తీశాక మంచి నీళ్లలో చాలాసేపు కడగాలి. సన్న ధారగా, ఆపకుండా. కడగకపోతే ఏడాది తిరిగేలోపల పసుపు పట్టి గీతలు చెరిగిపోతాయి. ఉప్పునీళ్లు పనికిరావు. వేడినీళ్లు తగిలితే పూత జారిపోతుంది. అంటే ఏప్రిల్ నెలలో, మా ఊళ్లో, తీయటి చల్లటి నీళ్లు బిందెలకు బిందెలు కావాలి. వేలెడు గాజుముక్కకు. నేను స్నానానికి ఒక చెంబుతో సరిపెట్టుకునే రోజులవి.

మొదట్లో అనంతపురం నుంచి ట్యాంకరు వచ్చేది. నేను ఆ నీళ్లను మట్టికుండల్లో పోసి చల్లార్చి ఇచ్చేదాన్ని. ఆ ఏడు కరువు ముదిరింది. ట్యాంకరును కరువు పనుల దగ్గరికి పంపారు. గుట్ట మీద బోరు ఎప్పుడో ఎండింది. ఊళ్లో తాగేందుకు మిగిలింది ఒక్క చేతిపంపు. దాని దగ్గర పెత్తనం నా ఆడబిడ్డది, నా మొగుని అక్క. ఎవరు ముందు, ఎవరు వెనక అని బిందెల వరస ఆమె నోటితోనే నడిచేది.

నేను పోయి అడిగాను.

"వదినా, గుట్టకు రోజూ కొన్ని బిందెలు కావాల."

"తాగేకా?"

"గాజు కడిగేకి."

ఆమె పంపు కొట్టడం ఆపి నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "ఏమ్మే, గొడ్లకు నీళ్లు లేక అమ్ముకుంటాండారు జనం. నువ్వు చుక్కలు కడిగేకి నీళ్లు అడిగేకి వచ్చినావా? ఆ చుక్కలకు అంత మురికి యాడ అంటుకునిందంట?"

వరసలో ఉన్నవాళ్లంతా నవ్వారు. నిజం చెప్పాలంటే నేను ఆమె చోట ఉన్నా అదే అనేదాన్ని. ఖాళీ బిందెతో గుట్ట ఎక్కాను.

ఇలా ఉండగా ఒక పొద్దు జరీ కొనే భాయి వచ్చాడు. ధర్మవరం వాడే. పాత పట్టుచీరల అంచులు కొని, కాల్చి, అందులోని వెండి తీసి అమ్ముకునే వ్యాపారం. నా చినిగిన చీర అంచుకు బేరం ఆడుతూ, ఆడుతూ, ముక్కు పైకెత్తాడు.

"అక్కా, ఈడ ఫోటోలు కడుగుతారా?"

"చుక్కలను కడుగుతారు. నువ్వు అంచు సంగతి చెప్పు."

"కాదక్కా, ఈ వాసన నాకు తెలుసు. ఫోటో స్టూడియోల్లో వాడి పారేసే మందు ఉంటాది సూడు, దాంట్లో వెండి దిగి ఉంటాది. నేను కొంటా."

సారును లేపకుండా పిల్లను అడిగాను. ఆఖరు మందులో కరిగేది పూతలోని మిగులు వెండే, తీసుకుపొమ్మను అంది. భాయి డబ్బాడు పాతమందు సైకిలుకు కట్టుకుపోయాడు. కొన్నాళ్లకు తిరిగి వస్తూ, కందిగింజంత వెండిపూస ఒకటి తెచ్చాడు. తేవడం నాకే తెచ్చాడు, కానీ దారిలో మా ఊరి టీ అంగట్లో ఆగాడు. ఆగినవాడు ఊరుకోక పూసను చూపించాడు.

"యాడిది భాయ్?"

"గుట్ట మీద నీళ్లలో వచ్చింది."

అతను అన్నది అంతే. అబద్ధం కాదు. మిగతాది ఊరు కలుపుకుంది. గుట్ట మీద చుక్కలను కడుగుతారు, కడిగితే చుక్కకున్న వెండి నీళ్లలోకి దిగుతుంది, దాన్ని ఆ పిసినారిది, అంటే నేను, ఒక్కతే మింగుతోంది.

మరుసటి పొద్దున్నే నా ఆడబిడ్డ గుట్ట ఎక్కింది. నెత్తిన నిండు బిందె. వెనక మరి నలుగురు ఆడవాళ్లు, నాలుగు బిందెలు.

"ఏమ్మే, నీళ్లు కావాలంటివి గదా. తెచ్చినాం. దుడ్లు వద్దు. ఎన్ని బిందెలు పోస్తే అన్ని బిందెల కడిగిన నీళ్లు మాకు వాపసు ఇయ్యాల."

నాకు అర్థమైంది. అర్థమయ్యాక నేను నిజమే చెప్పాను, ఈ సంగతి మీరు గుర్తుపెట్టుకోండి. "వదినా, వెండి ఉండేది మందులో. అది భాయి తీసుకపోతాడు. ఈ కడిగిన నీళ్లలో ఏమీ ఉండదు."

ఆమె వెనక్కి తిరిగి మిగతావాళ్లతో, "చెప్పలే నేను? ఇట్లనే అంటుందని," అంది.

జీవితమంతా పొదుపుగా బతికిన మనిషికి ఒక నష్టం ఉంది. ఏమీ లేదని ఆమె చెబితే ఎంతో ఉందని అర్థం చేసుకుంటారు. ఇంకోసారి చెప్పాను. ఇంకో రెండు బిందెలు ఎక్కువ వచ్చాయి. మూడోసారి చెప్పలేదు. ఎండలో గొంతు కూడా పొదుపుగా వాడాలి.

ఆ రోజు నుంచి పలకలకు జరిగిన వైభోగం ఏ పెళ్లికూతురికీ జరిగి ఉండదు. తెల్లవారేసరికి బిందెలు వరసగా గుట్ట ఎక్కేవి. నేను కుండల్లో పోసి చల్లబరచేదాన్ని, పిల్ల కడిగేది, కింద తొట్టిలో చేరిన నీళ్లను ఎవరి బిందెకు వాళ్లు పట్టుకుని దిగేవాళ్లు. తాగకూడదని, గొడ్లకు పెట్టకూడదని నేను కర్ర పట్టుకుని చెప్పేదాన్ని. "వెండిని ఎవరు తాగుతారే?" అనేది ఆడబిడ్డ.

పిల్లకు మొదట ఏమీ తెలియదు. కళ్లు తుడుచుకుంటూ, "ఎంత మంచోళ్లక్కా మీ ఊరోళ్లు. చదువంటే ఇంత గౌరవం నేను యాడా చూళ్లేదు," అంది. నేను చెప్పేసరికి ఆ పిల్ల మొహం పాలిపోయింది. పరుగెత్తుకుపోయి వాళ్లకు చెప్పింది. వాళ్లు తలలూపి, "ఈ పిల్లకు కూడా నేర్పించింది," అనుకుంటూ బిందెలు ఎత్తుకున్నారు.

ఇళ్లలో ఆ నీళ్లను కాచారు. పొయ్యిలో వేరుశనగ కట్టె అంతా తగలేసి కాచారు. కుండ అడుగున తెల్లటి పొడి మిగిలింది. గుడ్డల్లో మూటకట్టి భాయి వచ్చే దాకా దాచుకున్నారు. భాయి వచ్చి మూటలు విప్పి చూసి, వాసన చూసి, నాలుక చివర పెట్టి ఊశాడు.

"అమ్మా, ఇది ఉప్పు. మందు కలిసిన ఉప్పు. కూరకు కూడా పనికిరాదు."

"మరి నీ పూస?"

"నాది మందులోది. అక్క మీకు చెప్పలేదా?"

చెప్పింది. అదే వాళ్లకు కోపం తెప్పించింది. భాయి, నేను కలిసి ఆడిన నాటకమని తేలింది. మరుసటి పొద్దున బిందెలు వచ్చాయి గానీ వాటితోపాటు ఊరు కూడా వచ్చింది.

అదే ఆఖరు పలక రోజు. చుక్క ఆ రాత్రితో చుట్టు పూర్తి చేసింది. ఇక ఆ తర్వాత సూర్యుడికి మరీ దగ్గరై పలకకు అందదని సారు చెప్పాడు. పిల్ల చీకటిగది తలుపు తీసేసరికి ఎదురుగా నిండు బిందెలు వరసగా ఉన్నాయి, వాటి వెనక చీరకొంగులు నడుముకు దోపిన ఆడవాళ్లు, వాళ్ల వెనక మగవాళ్లు. పిల్ల చేతిలో పింగాణీ తట్ట, తట్టలో మందు, మందులో పలక.

"ఈ చుక్క గొడవ తీరేదాకా ఒక్క చుక్క పొయ్యం," అంది నా ఆడబిడ్డ. ఆమె తన మాటకు తానే కొంచెం ఆగింది గానీ ఎవరూ నవ్వలేదు.

పిల్ల నాతో గొంతు తగ్గించి, "అక్కా, మందులో ఎక్కువసేపు ఉంటే సన్న గీతలను తినేస్తాది. బయటికి తీసి కడగకుండా పెడితే పూత పాడవతాది," అంది. సారు లుంగీతో బయటికి వచ్చి, జనాన్ని చూసి, "ఏమండీ, అందరూ ఒకసారి కూర్చుంటే..." అన్నాడు. ఎవరూ కూర్చోలేదు. ఆయనే కూర్చున్నాడు.

నా కుండల్లో ముందురోజు నీళ్లు రెండు చెంబులు కూడా లేవు. వాటిని పిల్ల తట్టలో పోశాను. కాసేపటికి ఆధారం.

"ఇప్పుడు చెప్పు పాపా," అంది ఆడబిడ్డ. "మాతో వెట్టికి నీళ్లు మోపించినారు. చుక్కలో వెండి ఉండాదా, లేదా?"

"ఉంటే ఉండొచ్చు పెద్దమ్మా. నాకు కనపడింది వెండి కాదు. స్ట్రాన్షియం, క్రోమియం, యూరోపియం."

"వాటితో ఏం చేస్తారు?"

"స్ట్రాన్షియం దీపావళి ఎర్ర అగ్గిపుల్లల్లో వేస్తారు. యూరోపియం టీవీలో ఎరుపు రంగుకు."

మా ఊళ్లో అప్పటికి టీవీ లేదు. దీపావళికి అగ్గిపుల్లలు కొనే స్తోమతు లేదు. జనం పెదవి విరిచారు.

"మరి ఆ భాయి పూస యాడిది?"

"ఈ గాజు మీద పూత ఉండాది గదా, దాంట్లోది. చుక్కలోది కాదు."

"పూతలోకి యాడనుంచి వచ్చింది?"

"ఫ్యాక్టరీ నుంచి."

"ఫ్యాక్టరీకి?"

"గనుల్లోనుంచి."

"గనుల్లోకి?"

అబద్ధం చెప్పడం రాని పిల్ల. సారు వైపు చూసింది. సారు నేల చూశాడు.

"చెప్పు పాపా, గనిలోకి ఎవరు తెచ్చి పోసినారు?"

"భూమి పుట్టక ముందే పాత చుక్కలు కొన్ని చచ్చిపోయినాయి పెద్దమ్మా. వెండి, బంగారం లాంటి బరువు లోహాలు వాటిల్లోనే తయారైనాయి. ఆ దుమ్ములోనుంచే భూమి వచ్చింది."

"అంటే చుక్కల్లోదే."

"ఒకరకంగా, అవును."

"మరి ఇంతసేపు కాదు కాదు అంటివే."

జనంలో ఒక కదలిక. తామంతా మూర్ఖులం కామని తేలినందుకు వచ్చిన కదలిక అది. నా ఆడబిడ్డ ముఖంలో కోపం పోయి పంచాయితీ గెలిచిన కళ వచ్చింది. "చెప్పింది చెప్పినట్టు చెప్పేకి ఏం రోగం? సరే. మరి ఈ చుక్క, అది కూడా సొంతంగా తయారు చేసిందా ఆ అగ్గిపుల్లల సరుకు?"

సారు గొంతు సవరించుకున్నాడు. పిల్ల ఆయనకు అవకాశం ఇవ్వలేదు. "లేదు. అది పుట్టేటప్పుడు పాత చుక్కల దుమ్ములో కొంచెం వచ్చింది. అందరికీ వచ్చినంతే. దీనికి పైకి తేలింది, అంతే తేడా."

ఆడబిడ్డ చేయి నడుం మీద పెట్టుకుని ఆలోచించింది. "తెలిసింది. పెద్దలిచ్చిన నగలే, ఇంట్లో ఇంకేమీ ల్యా. ఉన్నవన్నీ ఒకేసారి మెడలో ఏసుకొని పెండ్లికి వచ్చే రకం. చూసేవాళ్లు కలిగినామె అనుకోవాల."

అప్పుడు నవ్వారు జనం. ఆమె ఎవరి గురించి అన్నదో ఊరందరికీ తెలుసు. ఆ కలిగినామె కూడా అక్కడే ఒక బిందె వెనక నిలబడి ఉంది. సారు కూడా నవ్వాడు. నవ్విన తర్వాత తన వాదం ఓడిపోయింది చుక్కల లెక్కలోనా, ఈ మాటలోనా అని ఆలోచిస్తున్నట్టు కనిపించాడు.

పిల్ల మాత్రం ఇంకా తట్ట పట్టుకునే ఉంది. "పెద్దమ్మా, కడిగిన నీళ్లలో మీకు ఏమీ రాదు. నేను అబద్ధం చెప్పను. మీ ఇష్టం. పోస్తే నా చదువు నిలబడతాది. తాగేకి కావాలంటే తీసుకపోండి, నేనేమీ అనుకోను."

ఎవరూ కదల్లేదు. తాగే నీళ్లు. కరువు. ఆ పిల్ల అడగడం తప్పు కాదు, వాళ్లు ఇవ్వకపోవడం అంతకన్నా తప్పు కాదు. నేను కర్ర గోడకు ఆనించి నిలబడ్డాను. నా జీవితంలో నా నోటికి పని లేకుండా నిలబడిన పొద్దు అదొక్కటే.

నా ఆడబిడ్డ తన బిందె వైపు చూసింది. గుట్ట కిందికి, బండరాళ్ల మధ్య దారి వైపు చూసింది. ఎండ అప్పటికే చురుక్కుమంటోంది.

"ఇంత దూరం ఎక్కిచ్చిన బిందెను మళ్లీ దించుకొని పొయ్యేది నా వల్ల కాదు. మోకాళ్లు నావి, చుక్కవి కాదు. పొయ్యండే." అని తన బిందె నా కుండలో వంచింది. ఒకామె వంచితే మిగతావాళ్లకు పౌరుషం. బిందెలు వరసగా వంగాయి.

"కానీ పాపా, ఆ చుక్కను నాకు చూపియ్యి. నీళ్లు మోసింది ఎవరికో చూడాల గదా."

పిల్ల పలకను రెండు వేళ్లతో అంచులు పట్టుకుని ఎండకు ఎత్తింది. మధ్యలో గోటి వెడల్పు పట్టీ, దానిలో వెంట్రుకల్లాంటి తెల్లటి గీతలు. "ఇది స్ట్రాన్షియం," అని చిటికెనవేలు దూరంగా ఆడించింది.

"యాడ?" అని నా ఆడబిడ్డ బొటనవేలు పెట్టింది.

నేను చేతి మీద ఒక్కటి వేశాను. వేసేసరికి ఆలస్యమైంది. తడిపూత మీద, పట్టీకి కొంచెం పక్కన, ఖాళీ జాగాలో, ఆమె బొటనవేలు నిలువునా అచ్చుపడింది. పిల్ల కళ్లు మూసుకుని తెరిచింది. పట్టీకి ఏమీ కాలేదు. ఒక గోరు జరిగి ఉంటే చుట్టు మొత్తం పోయేది.

"ఏమైంది? చుక్కకు నొప్పా?" అంది ఆడబిడ్డ.

పిల్ల పలకను ధార కింద పెట్టింది. ఆ రోజు బిందె తర్వాత బిందె, ఎవరూ కడిగిన నీళ్లు అడగకుండా, ఆఖరి దాకా పోశారు. ఆ నీళ్లు ఒకాయన గోడ మట్టి తడిపేకి పట్టుకుపోయాడు. మా ఊళ్లో నీళ్లు ఊరికే పోవు.

తర్వాతి చలికాలంలో పిల్ల గట్టి అట్ట వేసిన పుస్తకం తెచ్చింది. పట్టా వచ్చింది. సారు కూడా చివరికి మీగడకే ఒప్పుకున్నాడట. పుస్తకంలో ఆ పలకల బొమ్మలు వరసగా ఉన్నాయి. ఆఖరుదానిలో, చుక్క గీతల పక్కన, బొటనవేలి గీతలు పెద్దగా అచ్చయి ఉన్నాయి. పరీక్ష పెట్టిన ప్రొఫెసర్ భూతద్దం పెట్టి చూసి, ఇదేమిటమ్మా అని అడిగాడట. నీళ్లు ఇచ్చినావిడ నిశానీ సార్ అని చెప్పిందట.

నా ఆడబిడ్డను పిలిపించి ఆ పేజీ చూపించాం. ఆమె పుస్తకాన్ని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి, చాలాసేపు చూసింది. సంతోషం పైకి తేలకుండా మూతి బిగించింది.

"నిశానీ వేస్తే పక్కన సాక్షి సంతకం ఉండాల. ఈ పుస్తకంలో అది ల్యా. చెల్లుతుందా ఇది?"

పిల్ల పెన్ను మూత తీసి నా వైపు చాపింది. బళ్లో నేను నేర్చుకున్న అక్షరాలు పేరు రాసేకి సరిగ్గా సరిపోతాయి, ఒక్కటి కూడా మిగలదు. ఇంకు మరీ పారకుండా, చోటు వృథా కాకుండా, ఆ వేలిముద్ర పక్కనే సన్నగా సంతకం పెట్టాను.

"ఇప్పుడు చెల్లుతాది," అంది నా ఆడబిడ్డ.